వర్డ్‌ప్రెస్ థీమ్ తయారీ: చిక్కు ఎక్కడ పడుతోంది?

వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌కి సొంత థీమ్ (సైట్ పేజీలు ఎలా కనిపించాలో చెప్పే ఫైళ్ల మూట) తయారు చేయడం నేర్చుకుందామని కూర్చున్నవాళ్లకి మొదటి గంటలోనే ఒక వింత ఎదురవుతుంది. ఒక వీడియోలో పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫైళ్లు రాయమంటారు. ఇంకోదాంట్లో పీహెచ్‌పీ ఊసే ఉండదు, అంతా హెచ్‌టీఎంఎల్, జేసాన్. మూడో ఆయన అసలు ఫైళ్ల జోలికే పోవద్దు, ఎడిటర్‌లో మౌస్‌తో లాగి పెడితే థీమ్ తయారైపోతుందంటాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ముగ్గురూ వేర్వేరు కాలాల వర్డ్‌ప్రెస్ గురించి చెబుతున్నారు, అంతే. ఆ సంగతి ఒక్కటే ఎవరూ చెప్పరు.

థీమ్ నేర్చుకోవడంలో ఉన్న కష్టంలో సగం ఇదే. మిగతా సగం, మనం రంగులూ ఫాంట్లతో మొదలుపెట్టడం. థీమ్ అంటే అలంకరణ అనుకుంటాం. అలంకరణ అందులో ఉంది, కాదనను. కానీ దాని అసలు పని వేరు: పాఠకుడు ఒక లింక్ నొక్కినప్పుడు ఆ పేజీని గీయడానికి సరైన ఫైలు అందించడం. ఏ లింక్‌కి ఏ ఫైలు పలుకుతుందో పట్టుబడితే, పాత పద్ధతిలో రాసినా కొత్త పద్ధతిలో రాసినా దారి తప్పరు. ఇరవై ఏళ్లలో చాలా మారాయి గానీ, ఆ లెక్క మాత్రం దాదాపు అలాగే ఉంది.

ముందు ఆ కాలాల సంగతి చూద్దాం. బీ2 అనే పాత సాఫ్ట్‌వేర్‌ని తీసుకుని మ్యాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ వర్డ్‌ప్రెస్‌గా మలిచారు. మొదటి వెర్షన్ 2003 మే 27న వచ్చింది. అప్పటికి థీమ్ అనేదే లేదు. సైట్ రూపం మార్చాలంటే ప్రధాన ఇండెక్స్ ఫైల్లోనే చెయ్యి పెట్టాలి. థీమ్ వ్యవస్థ 2005 ఫిబ్రవరిలో 1.5 వెర్షన్‌తో వచ్చింది, దాంతోపాటే కూబ్రిక్ అనే డిఫాల్ట్ థీమ్. నీలం రంగు గుండ్రటి హెడర్‌తో ఆ రోజుల్లో ఏ సైట్ తెరిచినా అదే కనిపించేది. 2010లో 3.0 వెర్షన్‌తో ట్వంటీ టెన్ వచ్చాక, దాదాపు ఏడాదికో డిఫాల్ట్ థీమ్ ఇచ్చే అలవాటు మొదలైంది. 2018 డిసెంబర్‌లో 5.0 వెర్షన్ రాసే పద్ధతిని మార్చేసింది. పేరా, బొమ్మ, శీర్షిక అన్నీ విడివిడిగా పేర్చుకునే ముక్కలు, అంటే బ్లాకులయ్యాయి. 2021 జులైలో థీమ్.జేసాన్ అనే ఫైలు, 2022 జనవరిలో 5.9 వెర్షన్‌తో, హెడర్ నుంచి ఫుటర్ దాకా అంతా బ్లాకులతోనే కట్టే పూర్తి బ్లాక్ థీమ్‌లు వచ్చాయి. డిఫాల్ట్ థీమ్‌లలో మొదటి బ్లాక్ థీమ్ ట్వంటీ ట్వంటీ-టూ.

కాబట్టి ఏ పాఠం తెరిచినా ముందు తేదీ చూడండి. 2022కి ముందుదైతే అది క్లాసిక్ థీమ్ పాఠం, అంటే పీహెచ్‌పీ ఫైళ్లతో రాసే పాత పద్ధతి. పనికిరాదని కాదు. క్లాసిక్ థీమ్‌లు ఇప్పటికీ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి, పాత సైట్లను చూసుకునే ఉద్యోగంలో చేరితే మీ చేతికి వచ్చేవి ఎక్కువగా అవే. రెండు పాఠాల్ని కలిపి కొట్టకుండా ఉంటే చాలు.

లింక్ నొక్కాక లోపల జరిగేది

ఒక చిన్న సాహిత్య పత్రికకి సైట్ చేస్తున్నారనుకోండి. కథలు, కవితలు, పుస్తక సమీక్షలు దాని విభాగాలు. పాఠకుడు కథల విభాగం మీద నొక్కాడు. వర్డ్‌ప్రెస్ ముందు ప్లగిన్లను (సైట్‌కి అదనపు పనులు చేర్చే ప్రోగ్రాములను) లోడ్ చేసుకుంటుంది, ఆ తర్వాత మీ థీమ్ సొంత కోడ్ ఉండే ఫంక్షన్స్.పీహెచ్‌పీని. అప్పుడు లింక్ చదివి, ఇది ఫలానా కేటగిరీ పేజీ అని తేల్చుకుని, డేటాబేస్ నుంచి ఆ కథల్ని బయటికి తీస్తుంది. ఇంత జరిగాకే, వీటిని చూపించడానికి థీమ్‌లో ఏ ఫైలుందని వెతకడం మొదలుపెడుతుంది.

ఈ వెతుకులాట వారసుడి కోసం వెతికినట్టు ఉంటుంది. ముందు దగ్గరివాళ్లు, వాళ్లు లేకపోతే కొంచెం దూరపువాళ్లు, ఎవరూ లేకపోతే ఇంటిపెద్ద. కథల కేటగిరీకి మొదట ఆ కేటగిరీ పేరుతోనే ఫైలుందా అని చూస్తుంది: కేటగిరీ-కథలు.పీహెచ్‌పీ. లేకపోతే దాని ఐడీ నంబరుతో. అదీ లేకపోతే అన్ని కేటగిరీలకూ ఉమ్మడిగా ఉండే కేటగిరీ.పీహెచ్‌పీ. తర్వాత ఆర్కైవ్.పీహెచ్‌పీ. చివరికి ఇండెక్స్.పీహెచ్‌పీ. విడి రచన తెరిస్తే సింగిల్ అనే పేరుతో మొదలయ్యే ఫైళ్లు, ఆ తర్వాత సింగ్యులర్, చివరికి మళ్లీ ఇండెక్సే. పేజీని గీసే ఈ ఫైళ్లే టెంప్లేట్లు, ఈ వరసనే టెంప్లేట్ హయరార్కీ అంటారు.

దీన్నిబట్టి ఒక విషయం తేలుతుంది. క్లాసిక్ థీమ్‌కి కనీసం కావలసినవి రెండే ఫైళ్లు: ఇండెక్స్.పీహెచ్‌పీ, రంగులూ సైజులూ రాసే స్టైల్.సీఎస్ఎస్. మిగతావన్నీ ఫలానా చోట వేరేలా కనిపించాలి అనిపించినప్పుడు చేర్చుకునేవే. కొత్తవాళ్లు దీనికి తలకిందులుగా వెళ్తారు. ఎక్కడినుంచో నలభై ఫైళ్ల థీమ్ దించుకుని, ఏది ఎందుకుందో తెలియక, రంగు మార్చడానికి కూడా భయపడుతూ కూర్చుంటారు. రెండు ఫైళ్లతో మొదలుపెట్టి, అవసరం వచ్చినప్పుడు మూడోది రాస్తే, అది ఎందుకు రాశారో మీకు ఎప్పటికీ గుర్తుంటుంది.

ఈ వరసలో అందరూ పడే గొయ్యి ఒకటుంది. హోమ్.పీహెచ్‌పీ అంటే హోమ్ పేజీ అనుకుంటాం. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ అది తాజా రచనల జాబితా చూపించే పేజీకి చెందిన ఫైలు. సైట్ ముఖద్వారానికి ఫ్రంట్-పేజ్.పీహెచ్‌పీ అని వేరే ఉంది. పాతకాలంలో సైట్ మొదటి పేజీయే రచనల జాబితా కాబట్టి ఈ తేడా ఎవరికీ తగల్లేదు. సెట్టింగ్స్‌లోని రీడింగ్ పేజీలో, ముఖద్వారంగా ఒక మామూలు పేజీని, రచనల జాబితాకి ఇంకో పేజీని ఎంచుకున్నారా, రెండూ విడిపోతాయి. అప్పుడు హోమ్.పీహెచ్‌పీలో ఎంత మార్చినా మొదటి పేజీ కదలదు. క్యాష్ క్లియర్ చేస్తారు, బ్రౌజర్ మారుస్తారు, హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేస్తారు. తప్పు ఎక్కడా లేదు, ఫైలు పేరే తికమక పెట్టేది.

క్వెరీ మానిటర్ అనే ఉచిత ప్లగిన్ ఉంది. ఏ పేజీకి ఏ టెంప్లేట్ ఫైలు వాడిందో, ఏ పేర్లు వరసగా వెతికిందో అది చూపిస్తుంది. థీమ్ నేర్చుకునేవాళ్లు మొదటి రోజే పెట్టుకోవలసిన పనిముట్టు ఏదైనా ఉంటే ఇదే.

ఫైలు దొరికాక లోపల ఏముంటుంది? లూప్ ఉంటుంది. డేటాబేస్ నుంచి వచ్చిన రచనల్ని ఒక్కొక్కటిగా తీసుకుని శీర్షిక, తేదీ, పాఠం చూపించే చిన్న చక్రం. పైన చెప్పిన వరస గుర్తు తెచ్చుకోండి: టెంప్లేట్ రంగంలోకి దిగేసరికి రచనలు ఎప్పుడో వచ్చేశాయి. ఇది తెలియక చాలామంది కేటగిరీ ఫైల్లోనే మళ్లీ కొత్త క్వెరీ (ఫలానా రచనలు తెమ్మని డేటాబేస్‌ని అడగడం) రాస్తారు. అంటే మొదట తెచ్చినవాటిని పారేసి ఇంకోసారి తెప్పించుకోవడం. సైట్ నెమ్మదిస్తుంది, పైగా రెండో పేజీకి వెళ్లే లింకులు తప్పుతాయి. కథల పేజీలో పదికి బదులు ఇరవై చూపించాలంటే, ప్రీ_గెట్_పోస్ట్స్ అనే హుక్ (వర్డ్‌ప్రెస్ పని మధ్యలో మన కోడ్ తగిలించే చోటు) ద్వారా అసలు క్వెరీనే అది బయల్దేరకముందే మార్చాలి.

ఇంకో చిన్న విషయం, ప్రాణం తీసేది. హెడర్‌లో డబ్ల్యూపీ_హెడ్, ఫుటర్‌లో డబ్ల్యూపీ_ఫుటర్ అనే రెండు ఫంక్షన్లు పిలవాలి. చూడ్డానికి అవి ఏమీ చేయనట్టే ఉంటాయి. అవి లేకపోతే ప్లగిన్లు తమ స్క్రిప్టులు చేర్చుకోవడానికి చోటే ఉండదు. ప్లగిన్ పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ప్లగిన్‌లో ఉండదు, ఈ లైను మరిచిపోయిన థీమ్‌లో ఉంటుంది. స్టైల్.సీఎస్ఎస్ సంగతీ ఇంతే. ఫోల్డర్‌లో పెట్టినంత మాత్రాన అది పేజీలోకి రాదు, ఎన్‌క్యూ చేయాలి, అంటే దాన్ని పేజీలో చేర్చమని కోడ్‌లో చెప్పాలి. ఆ ఫైలు తలలో రాసే థీమ్ పేరు, వెర్షన్ వంటి వివరాలతోనే వర్డ్‌ప్రెస్ మీ ఫోల్డర్‌ని థీమ్‌గా గుర్తుపడుతుంది.

థీమ్ చేయకూడని పని

ఫంక్షన్స్.పీహెచ్‌పీ దొరికాక చేతులు ఊరుకోవు. ఏదైనా రాయొచ్చు కదా అని అన్నీ అందులోనే రాస్తారు. మన పత్రికలో సమీక్షలకి పుస్తకం అనే ప్రత్యేక పోస్ట్ టైప్ (మామూలు రచనలకి వేరుగా ఉండే రచనల రకం) కావాలి, రచయిత పేరు, ప్రచురణకర్త వంటి వివరాలతో. దాన్ని ఫంక్షన్స్.పీహెచ్‌పీలో నమోదు చేశారనుకుందాం. రెండేళ్లకి సంపాదకులు కొత్త థీమ్ కావాలన్నారు. మార్చగానే పుస్తకాలన్నీ డ్యాష్‌బోర్డ్ నుంచి మాయం! డేటాబేస్‌లో భద్రంగానే ఉంటాయి, కానీ వాటిని ఫలానా రకం అని గుర్తుపట్టే కోడ్ పాత థీమ్‌తో పాటే వెళ్లిపోయింది. సంపాదకుడికి ఆ కాసేపు వచ్చే టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

థీమ్ మార్చినా మిగలాల్సింది ఏదైనా ప్లగిన్‌లో ఉండాలి. థీమ్‌తో పాటు పోయినా ఫర్వాలేదనిపించేదే థీమ్‌లో ఉండాలి. పోస్ట్ టైప్ ప్లగిన్‌లోకి, దాన్ని చూపించే సింగిల్-పుస్తకం ఫైలు థీమ్‌లోకి. డబ్బు పెట్టి కొనే పెద్ద థీమ్‌లు చాలావరకు ఈ గీతను చెరిపేసి, స్లైడర్లు, షార్ట్‌కోడ్‌లు (రచన మధ్యలో రాసే చిన్న కోడ్ గుర్తులు) అన్నీ తమలోనే కలిపేసుకుంటాయి. ఒకసారి లోపలికి వెళ్తే బయటికి రావడం కష్టం. ఇది అమాయకంగా జరిగే పని అని నేననుకోను.

కొనే థీమ్‌ల మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. ఖరీదైన థీమ్‌ల లైసెన్స్ తాళం తీసేసి, నల్డ్ పేరుతో ఊరికే ఇచ్చే సైట్లు బోలెడు. అలాంటి కాపీల్లో అర్థం కాని అక్షరాల గుట్టగా దాచిన కోడ్ ఉండటం, అది మీ సైట్ నుంచి ఎవరివో ప్రకటన లింకులు పంచడం మామూలు విషయం. నేర్చుకోవడానికి చదవాలనుకుంటే వర్డ్‌ప్రెస్‌తో పాటు ఉచితంగా వచ్చే డిఫాల్ట్ థీమ్‌లే చదవండి. అవన్నీ ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగే జీపీఎల్ లైసెన్స్ కింద ఉన్నవి, శుభ్రంగా రాసినవి, వ్యాఖ్యలతో సహా.

2022 తర్వాత

బ్లాక్ థీమ్‌లో పీహెచ్‌పీ టెంప్లేట్ల బదులు టెంప్లేట్స్ అనే ఫోల్డర్‌లో హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుంటాయి. హెడర్, ఫుటర్ వంటివి పార్ట్స్ ఫోల్డర్‌లో. పేర్లు గమనించండి: సింగిల్, ఆర్కైవ్, కేటగిరీ, ఇండెక్స్. అదే వరస, అదే వెతుకులాట! హోమ్‌కీ ఫ్రంట్-పేజ్‌కీ ఉన్న తికమక కూడా చెక్కుచెదరకుండా అలాగే ఉంది. లూప్ స్థానంలో క్వెరీ లూప్ అనే బ్లాక్ వచ్చింది. అందులో అసలు క్వెరీని వారసత్వంగా తీసుకోమని చెప్పే మీట ఒకటుంటుంది. అది ఎందుకుందో, దాన్ని ఆపేసి సొంత క్వెరీ పెడితే ఏమవుతుందో, పైన చదివినవాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు.

నిజంగా మారింది థీమ్.జేసాన్ దగ్గర. ఇంతకుముందు రంగులు, అక్షరాల సైజులు, ఖాళీలు అన్నీ సీఎస్ఎస్‌లో రాసేవాళ్లం, ఎడిటర్‌లో రాసేవాళ్లకి అవి తెలిసేవి కాదు. సంపాదకుడు ఎడిటర్‌లో చూసేది ఒకటి, పాఠకుడికి కనిపించేది ఇంకొకటి. ఇప్పుడు మీ సైట్‌కి ఈ ఐదు రంగులు, ఈ నాలుగు సైజులు అని థీమ్.జేసాన్‌లో ఒక్కచోట రాస్తే, వర్డ్‌ప్రెస్ వాటిని సీఎస్ఎస్ వేరియబుల్స్‌గా మార్చి ఎడిటర్‌కీ సైట్‌కీ ఇస్తుంది. సంపాదకుడు తనకిష్టమైన గులాబీ రంగు పెట్టకుండా కస్టమ్ రంగుల్ని ఆపేయొచ్చు కూడా. నాకు బ్లాక్ థీమ్‌లలో అన్నిటికంటే నచ్చింది ఈ అదుపే.

నచ్చనిది కూడా ఉంది. టెంప్లేట్లను తెర మీదే మార్చుకునే సైట్ ఎడిటర్‌లో చేసే మార్పు థీమ్ ఫైల్లోకి వెళ్లదు, డేటాబేస్‌లోకి వెళ్తుంది. అక్కడ ఒక కాపీ ఉందంటే వర్డ్‌ప్రెస్ దానికే పెద్దపీట వేస్తుంది. మీరు ఒకసారి సరదాగా సైట్ ఎడిటర్‌లో సింగిల్ టెంప్లేట్ తెరిచి, ఒక మార్జిన్ మార్చి సేవ్ చేశారు. ఆ తర్వాత ఫైల్లో ఏం రాసినా సైట్‌లో కనిపించదు. పొద్దుపోయేదాకా తల పట్టుకునే వ్యవహారం ఇది. సైట్ ఎడిటర్‌లో ఆ టెంప్లేట్‌ని రీసెట్ చేస్తే ఫైలు మళ్లీ అధికారంలోకి వస్తుంది. మార్పుల్ని ఉంచుకోవాలంటే, క్రియేట్ బ్లాక్ థీమ్ అనే ప్లగిన్‌తో వాటిని ఫైళ్లలోకి దించుకోవచ్చు. ఎడిటర్‌లో గీసి, ప్లగిన్‌తో ఫైళ్లలోకి తెచ్చి, తర్వాత చేత్తో సరిదిద్దుకోవడం ఇప్పుడు చాలామంది పాటించే వరస. రెండు చోట్లా ఒకేసారి పని చేయకపోవడమే మంచిది.

చైల్డ్ థీమ్ గురించి రెండే మాటలు. వేరేవాళ్ల థీమ్‌ని నేరుగా మారిస్తే, అప్‌డేట్ వచ్చిన రోజు మీ పనంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే పైన ఇంకో చిన్న థీమ్ పెడతాం. అది చైల్డ్, అసలుది పేరెంట్. చైల్డ్‌లో ఉన్న టెంప్లేట్ పేరెంట్‌లోని అదే పేరున్న టెంప్లేట్‌ని పక్కకి నెడుతుంది. ఫంక్షన్స్.పీహెచ్‌పీ మాత్రం మినహాయింపు. అది పక్కకి నెట్టదు, రెండూ లోడ్ అవుతాయి, చైల్డ్‌దే ముందు. పేరెంట్ ఫైలు మొత్తం కాపీ చేసి చైల్డ్‌లో పెట్టి సైట్ పడగొట్టుకునేవాళ్లు ఈ ఒక్క వాక్యం చదవని వాళ్లే.

తెలుగు అక్షరం థీమ్‌లో పడినప్పుడు

ఇంగ్లిష్ పాఠాల్లో దొరకని భాగం ఇదే. చాలా థీమ్‌లు శీర్షికలకి లైన్ హైట్ (అక్షరం సైజుతో పోలిస్తే వరస ఎత్తు) 1.2 దగ్గర పెడతాయి. రోమన్ అక్షరాలకి అది అందంగా ఉంటుంది. తెలుగులో పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగిలి కూర్చుంటాయి. తెలుగు శీర్షికలకి 1.4, పాఠానికి 1.8 దగ్గర మొదలుపెట్టి, ఫాంట్‌ని బట్టి సవరించుకోండి. అక్షరాల మధ్య ఖాళీని తగ్గించే లెటర్ స్పేసింగ్ విలువలు ఎక్కడున్నా సున్నా చేయండి. మొదటి అక్షరాన్ని పెద్దగా చూపే డ్రాప్ క్యాప్ కూడా వద్దు. స్త్రీ అని మొదలయ్యే కథకి అది ఏం చేస్తుందో ఒకసారి చూస్తే మీకే అర్థమవుతుంది.

ఫాంట్లకి కొదవ లేదు. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, అనేక్ తెలుగు, టిరో తెలుగు వంటివి ఉచితంగా ఉన్నాయి. అయితే ఒత్తులూ సంయుక్తాక్షరాల రూపాలన్నీ మోయాలి కాబట్టి తెలుగు ఫాంట్ ఫైళ్లు బరువైనవి. నాలుగు రకాల మందాలు కలిపితే ఫోన్ డేటా మీద తెరిచేవాళ్లకి భారమే. ఒకటి పాఠానికి, ఒకటి శీర్షికలకి చాలు. ఫాంట్‌ని గూగుల్ సర్వర్ నుంచి కాకుండా థీమ్‌లోనే పెట్టుకోండి. 2022 జనవరిలో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు ఒకటి, గూగుల్ సర్వర్ నుంచి ఫాంట్ లోడ్ చేయడం ద్వారా పాఠకుడి ఐపీ అడ్రస్ బయటికి పంపడం తప్పని తీర్పిచ్చి 100 యూరోల పరిహారం విధించింది. అక్కడ స్థిరపడిన తెలుగు సంఘాలకి సైట్లు చేసేవాళ్లు దీన్ని మరిచిపోకూడదు.

ఇక స్లగ్ సంగతి. లింక్‌లో కనిపించే ఈ పేరుకి డేటాబేస్‌లో 200 అక్షరాల చోటే ఉంటుంది. తెలుగులో రాస్తే యూనికోడ్‌లోని ఒక్కో గుర్తు ఎన్‌కోడ్ అయ్యాక 9 అక్షరాలవుతుంది. అంటే 22 గుర్తులకి మించి పట్టవు. గుణింతాలూ పొల్లులూ కూడా విడివిడి గుర్తులే. శ్రీకృష్ణదేవరాయలు అనే ఒక్క మాటే 17 గుర్తులు, 153 అక్షరాలు మింగేస్తుంది! పెద్ద శీర్షికలు మధ్యలో తెగిపోవడానికి కారణం ఇదే. థీమ్ రాసేవాళ్లకి ఇంకో చిక్కు: కేటగిరీ స్లగ్ తెలుగులో ఉంటే, వర్డ్‌ప్రెస్ రచనకి తగిలించే సీఎస్ఎస్ క్లాసులో ఆ పేరు రాదు, కేటగిరీ ఐడీ నంబర్ వస్తుంది. మీ కంప్యూటర్‌లో 12 అయిన నంబర్ అసలు సర్వర్ మీద 31 కావచ్చు, అప్పుడు మీరు రాసిన రంగులు పట్టవు. కేటగిరీ పేరు తెలుగులోనే ఉంచి, స్లగ్ మాత్రం రోమన్ లిపిలో పెడితే ఈ గొడవ ఉండదు.

జాబితాలో ఒక్కో రచన కింద కనిపించే సంక్షిప్త పాఠం కూడా చూసుకోవాలి. వర్డ్‌ప్రెస్ మామూలుగా 55 పదాలు తీసుకుంటుంది. మన పదాలు పొడుగు. ఇంగ్లిష్‌లో నాలుగు వరసలు పట్టేది తెలుగులో ఆరేడు దాకా వెళ్తుంది, కార్డులు ఎగుడుదిగుడవుతాయి. ముప్పై దగ్గర ఆపితే సరిపోతుంది. అలాగే సైట్ భాషను తెలుగుగా సెట్ చేసి, థీమ్ హెడర్‌లో భాషను చేత్తో ఇంగ్లిష్ అని రాసెయ్యకుండా, వర్డ్‌ప్రెస్ ఇచ్చే ఫంక్షన్‌తో రప్పించుకోండి. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో దాన్నిబట్టే తెలుసుకుంటుంది.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ఏది ముందు నేర్చుకోవాలి అంటే, నా ఓటు ఇలా పడుతుంది. సొంత సైట్ కోసమైతే నేరుగా బ్లాక్ థీమ్. ఉద్యోగం కోసమైతే, ముందు రెండు ఫైళ్ల క్లాసిక్ థీమ్ ఒకటి చేత్తో రాసి, లూప్, హుక్‌లు, డేటాను పేజీలో పెట్టేముందు ఎస్కేప్ చేయడం (అందులో కోడ్ ఉన్నా నడవకుండా చేయడం) అలవాటు చేసుకుని, అప్పుడు బ్లాక్ థీమ్‌కి రావడం. హోస్టింగ్ కొనక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కాకపోతే పని సేవ్ చేసుకోకుండా మూసేస్తే పోతుంది. రోజూ పని చేయడానికి, మీ కంప్యూటర్‌నే సర్వర్‌గా నడిపే ఎక్స్‌ఏఎంపీపీ లాంటిది పెట్టుకోవడం మేలు.

పరీక్షించడానికి వర్డ్‌ప్రెస్ వాళ్ల టెస్ట్ డేటా ఫైలు ఒకటి దొరుకుతుంది, శీర్షిక లేని రచనలు, అతి పొడుగు శీర్షికలు, ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న కామెంట్లతో. దానికి మీ వంతుగా కొన్ని తెలుగు రచనలు చేర్చండి: మూడు వరసల శీర్షికతో ఒకటి, బొమ్మ లేనిది ఒకటి, ఒక్క వాక్యంతో ముగిసేది ఒకటి, పద్యాలున్నది ఒకటి. పద్యాల దగ్గర జాగ్రత్తగా చూడండి. ఫోన్ తెర మీద పాదాలు మధ్యలో విరిగి కిందికి జారితే, ఆ బ్లాక్‌కి అక్షరాల సైజు కొంచెం తగ్గించి, విరిగిన ముక్క లోపలికి జరిగేలా ఇండెంట్ ఇవ్వాల్సి వస్తుంది.